"ఇంకో పదిసార్లు చదువు" అనడం ఇక ఆపండి

మా అక్క కూతురు ఇప్పుడే ఫోన్ పెట్టేసింది. యూనివర్సిటీలో మొదటి సెమిస్టర్. ఇంటర్నల్స్‌లో మార్కులు తక్కువొచ్చాయి. అందుకు కాదు ఏడ్చింది. లెక్చరర్ అందరి ముందు నిలబెట్టి, "అసలు పుస్తకం తెరిస్తే కదా" అన్నాడట. దానికి. ఆ పిల్ల నోట్సు నేను చూశాను. ఏ పేజీ తిప్పినా పసుపు రంగు గీతలే. ఒక్కో చాప్టర్ నాలుగైదుసార్లు చదివింది. అంత చదివిన పిల్లని పట్టుకుని చదవలేదనడానికి ఆయనకి నోరెలా వచ్చింది? ఎలా చదువుతున్నావమ్మా అని ఒక్క మాట అడగాలని కూడా తోచలేదా?

పైగా ఆయన చెప్పిన మందు "ఇంకో పదిసార్లు చదువు". ఏ పద్ధతి వల్ల మార్కులు పోయాయో దాన్నే ఇంకా గట్టిగా చెయ్యమంటున్నాడు!

మళ్లీ మళ్లీ చదివితే పేజీ చూడగానే అంతా తెలిసినట్టే ఉంటుంది. ఆ వాక్యం పరిచయం, ఆ బొమ్మ పరిచయం. కానీ పరీక్ష హాల్లో పేజీ ఎదురుగా ఉండదు కదా. అక్కడ కావాల్సింది ఏమీ చూడకుండా బయటికి తీసుకురాగలగడం. దాన్ని ఇంట్లో ఒక్కసారి కూడా చెయ్యకుండా హాల్లో నేరుగా ఎలా వస్తుంది? గట్టు మీద కూర్చుని ఎంతసేపు చూసినా ఈత రాదు.

ఇదేమీ నా సొంత సిద్ధాంతం కాదు. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగాలు 2006లో వచ్చాయి. కొందరితో పాఠాన్ని మళ్లీ చదివించారు. కొందరితో చూడకుండా గుర్తున్నదంతా రాయించారు. ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లు ముందున్నారు. వారం తర్వాత పెడితే తలకిందులైంది, రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మన పరీక్షలేమో ఐదు నిమిషాలకి జరగవు. 2013లో డన్‌లాస్కీ అనే సైకాలజిస్టు బృందం పది రకాల చదివే పద్ధతులని బేరీజు వేస్తే, గీతలు గీయడం, మళ్లీ చదవడం తక్కువ ప్రయోజనం ఉన్న జాబితాలో పడ్డాయి. తనని తాను పరీక్షించుకోవడం, చదువుని రోజుల మీద పరచుకోవడం పై వరుసలో నిలిచాయి. ఆ రెండోదాని సంగతైతే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్టు 1885లోనే రాశాడు. 1885! ఇన్నేళ్లయినా క్లాసు గదిలోకి రాలేదంటే తప్పు పిల్లలదా?

పిల్లకి నేను చెప్పింది ఇదే, మీ ఇళ్లలో పిల్లలకీ చెప్పండి. క్లాసు జరిగిన సాయంత్రమే నోట్సు మూసేసి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయాలి. తర్వాత తెరిచి, వదిలేసినవి వేరే రంగు పెన్నుతో నింపుకోవాలి. ఆ రెండో రంగులో ఉన్నదే అసలు చదవాల్సింది. మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులాగి ఒకసారి, మరో వారానికి ఒకసారి ఇలాగే చూడకుండా రాయాలి. లెక్కలైతే సాల్వ్ చేసిన జవాబు చదివి "ఆఁ అర్థమైంది" అనుకోవడం పెద్ద మోసం, చేత్తో చెయ్యాల్సిందే. అదీ ఒక చాప్టర్ లెక్కలన్నీ వరసగా కాదు, రెండు మూడు చాప్టర్లవి కలిపేసి చెయ్యాలి. ఇది ఫలానా ఫార్ములా లెక్క అని పరీక్ష పేపరు చెప్పదు. ఇక ఫోన్ పక్క గదిలో ఉండాలి. పరీక్ష ముందు రాత్రి నిద్ర పోవాలి. చదివింది తలలో కుదురుకోవడానికి నిద్ర చాలా సాయం చేస్తుంది.

నా అసలు కోపం చాలా పాతది. మేం కాలేజీలో చేరిన కొత్తలో ఒక ఓరియెంటేషన్ పెట్టి అందరి చేతా ఒక ఫారం నింపించారు. నువ్వు చూసి నేర్చుకునే రకం, నువ్వు విని నేర్చుకునే రకం అని ముద్రలు వేశారు. నా స్నేహితురాలికి "వినే రకం" అని వచ్చింది. అంత పెద్దవాళ్లు చెప్పారు కదా అని నమ్మి నోట్సు రాయడం, బొమ్మలు గీయడం మానేసింది. అనాటమీ లాంటి సబ్జెక్టు బొమ్మ గీయకుండా ఎవరికి వస్తుంది? ఫెయిలైంది. తెలివి లేదనుకుని కోర్సే వదిలేసింది. ఆ ముద్రలకి అనుగుణంగా బోధిస్తే బాగా వస్తుందనడానికి సరైన ఆధారం లేదని పాష్లర్, మరికొందరు పరిశోధకులు 2008లోనే తేల్చి చెప్పారు. అయినా అలాంటి ఫారాలు ఇంకా పంచుతూనే ఉన్నారు. ఆమెకి ఎవరు జవాబు చెప్తారు? ఫారం పంచినవాళ్లకి ఆమె పేరైనా గుర్తుందా?

పద్దెనిమిదేళ్ల పిల్లలకి సిలబస్ చేతిలో పెట్టి, చదివే పద్ధతి మాత్రం వాళ్లే వెతుక్కోవాలంటారు. దొరక్కపోతే బద్ధకం అంటారు. మీరు లెక్చరరైతే రేపటి క్లాసు ఐదు నిమిషాలు ఆలస్యంగా మొదలుపెట్టండి. మార్కుల్లేని నాలుగు ప్రశ్నలు ఇవ్వండి, పోయిన క్లాసు నుంచి రెండు, పోయిన నెల నుంచి రెండు. పుస్తకాలు మూయించి రాయించండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.