పద్దెనిమిదో కిలోమీటరు వాటర్ పాయింట్ గారికి

మహారాజశ్రీ వాటర్ పాయింట్ గారి దివ్య సముఖానికి నమస్కరించి రాయునది ఏమనగా:

ఉభయకుశలోపరి. తమరు క్షేమంగానే ఉండి ఉంటారు, ఆదివారం ఎనిమిది కొట్టకముందే దుకాణం సర్దేశారు కాబట్టి. నేను మాత్రం ఆ రోజు హాఫ్ మారథాన్, అంటే 21 కిలోమీటర్ల పరుగు, ముగించుకొచ్చి మా అపార్ట్‌మెంట్ మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నాను. తొడల మీద నాకేం కోపం లేదు, వాటి పని అవి చేశాయి. నా పేచీ అంతా తమరితోనే.

రూట్ మ్యాపులో తమరిని చూశాకే హాఫ్ మారథాన్‌కి డబ్బులు కట్టాను. రెండేసి కిలోమీటర్లకు ఒక నీలం చుక్క, అంటే ఒక నీళ్ల బల్ల. ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ నిబంధనలే సుమారు 5 కిలోమీటర్లకు ఒకచోట నీళ్లుంటే చాలంటాయి. మనవాళ్లు రెండుకే ఇస్తున్నారంటే ఎంత ధర్మాత్ములో అనుకున్నాను. గచ్చిబౌలి ఫ్లైఓవర్లను ‘స్వల్ప ఎత్తుపల్లాలు’ అని రాసిందీ అదే మ్యాపు, అది వేరే సంగతి.

మిగతావన్నీ క్షమించేశాను. బిబ్ కోసం, అంటే ఛాతీకి తగిలించుకునే నంబరు కోసం, శనివారం మధ్యాహ్నమంతా ఊరికి ఆ చివర క్యూలో నిలబెట్టారు, సరే. ఎం సైజు అడిగితే ఇద్దరు పట్టే టీషర్టు ఇచ్చారు, ఇంట్లో ఎవరో ఒకరు వేసుకుంటారు. ముఖ్య అతిథి నిద్ర లేచి వచ్చేదాకా చీకట్లో జుంబా ఆడించారు, అదీ సరే. పరిగెత్తకముందే సగం ఓపిక అక్కడే హరించుకుపోయింది. ఇవన్నీ మనకు అలవాటే.

తమరి సంగతి అలా కాదు.

కొత్తగా పరుగు మొదలుపెట్టిన వాడికి రన్నింగ్ గ్రూపులో సీనియర్లు మొదట నేర్పేది ఏమిటి? రేసు రోజున కొత్త షూ వద్దు. చర్మం ఒరుసుకునేచోట వేసలిన్ పట్టించు. జనంతో పాటు కొట్టుకుపోకు, మొదటి ఐదు కిలోమీటర్లు బాగా నెమ్మదిగా వెళ్లు. బుద్ధిగా అన్నీ పాటించాను. నెమ్మదిగా వెళ్లాను. నెమ్మదిగా వెళ్లినవాడికి నీళ్లుండవన్న ముక్క మాత్రం ఏ సీనియరూ చెప్పలేదు. వాళ్లకెలా తెలుస్తుంది, వాళ్లు ఎప్పుడూ ముందే ఉంటారాయె.

పదహారులో ఉన్న తమరి తమ్ముడి దగ్గర అరకప్పు దొరికింది. పర్లేదు, పద్దెనిమిదిలో పెద్దాయన ఉన్నాడు కదా అని లాక్కొచ్చాను. దూరం నుంచే బ్యానర్ కనబడింది, ప్రాణం లేచొచ్చింది. దగ్గరికొస్తే రోడ్డంతా తడి. తొక్కి తొక్కి అప్పచ్చులైన పేపర్ కప్పులు షూకి అంటుకుంటున్నాయి. బల్ల మీద ఉప్పు పళ్లెం, పిండేసిన నారింజ తొక్కలు. ఇరవై లీటర్ల క్యాన్‌ని ఒక కుర్రాడు రెండు చేతులతో వంచి, అడుగున మిగిలినదాన్ని కప్పులోకి దించుతున్నాడు. ఆ కప్పు ఆయనకే. తెల్లవారుజామున మూడింటి నుంచీ నిలబడ్డాడట, ఆయన్ని అనడానికి నోరు రాలేదు. “సారీ అంకుల్, ఇప్పుడే అయిపోయాయి. నెక్స్ట్ పాయింట్ ముందే ఉంది, కమాన్!” అని చప్పట్లు కొట్టాడు. నీళ్లు అయిపోయినచోట చప్పట్లకు కొదవ లేదు.

పక్కనే టిఫిన్ బండి. ఫోను, పర్సు రెండూ బ్యాగేజీ కౌంటర్లో ఉన్నాయి. సిగ్గు విడిచి చెయ్యి చాపితే ఆ బండి అన్న నా బిబ్‌ని కిందా మీదా చూసి, “పైసలు కట్టి ఉరుకుతున్నరా? నీళ్లు కూడ ఇయ్యలేదా?” అన్నాడు. జగ్గు చేతికిచ్చాడు. నా రేసులో సక్రమంగా నడిచిన వాటర్ పాయింట్ అదొక్కటే. దానికి స్పాన్సర్ లేడు.

ఇంతకీ ఆ నీళ్లు ఎవరు తాగారో నాకు తెలుసు. ముందున్నవాళ్లు రెండేసి కప్పులు లాక్కుని ఒకటి తాగారు, ఒకటి నెత్తిన పోసుకున్నారు. మా వెనక వదిలిన టెన్ కే, అంటే పది కిలోమీటర్ల పరుగు గుంపు దారిలో మాతో కలిసింది, మా బల్లల మీదే పడింది. గెలిచినవాడు చల్లగా ఉండగానే చేరి, మెడల్ వేసుకుని, ఉప్మా తిని, ఇంటికెళ్లి స్నానం చేసేశాడు. నెత్తి మీద ఎండ పడ్డాక కూడా రోడ్డు మీద మిగిలేది మేము. మా ఫీజు ఏమైనా తక్కువా? పెళ్లిలో ఆఖరి బంతిలో కూర్చున్నవాడికి కూడా సాంబారు పలచన చేసైనా వడ్డిస్తారు. విస్తరేసి, కూర్చోబెట్టి, లైట్లార్పేసి పోరు.

తమరికి వంశ చరిత్ర ఉందని తరవాత తెలిసింది. 1904 సెయింట్ లూయీ ఒలింపిక్స్ మారథాన్‌లో, మండే ఎండలో, దుమ్ము రోడ్డు మీద, నీళ్లు దాదాపు దొరక్కుండానే పరిగెత్తించారు. 32 మంది బయల్దేరితే 14 మంది చేరారు. గెలిచిన థామస్ హిక్స్‌కి దారిలో ఓపిక వస్తుందని స్ట్రిక్నిన్ అనే విషాన్ని గుడ్డు తెల్లసొనలో కలిపి పట్టారు, పైగా బ్రాందీ. ఆయనకంటే ముందు గీత దాటిన ఫ్రెడ్ లోర్జ్ మధ్యలో సుమారు 11 మైళ్లు కారులో వచ్చాడని తేలి పక్కన పెట్టారు. పద్దెనిమిదో కిలోమీటరు తరవాత లోర్జ్ గారి మీద నాకు గౌరవం పెరిగింది.

తమరి తరఫున వాదించేవాళ్లూ లేకపోలేదు. ఎక్కువ తాగితే ప్రమాదమని మా గ్రూపులో ఒక డాక్టరుగారు సెలవిచ్చారు. నిజమే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గిపోయి ఉంది. దారిపొడవునా అతిగా తాగి బరువు పెరిగినవాళ్లకు, నాలుగు గంటలు దాటినవాళ్లకు ఆ ముప్పు ఎక్కువట. అంటే నాలాంటి నెమ్మది ప్రాణుల మేలు కోరే తమరు క్యాన్లు దాచారన్నమాట! అయ్యా, అతిగా తాగేవాళ్ల గురించి నాతో చెప్పకండి. నాకు దొరికింది అరకప్పు.

ఇక మర్యాద చాలు. నీళ్లయ్యా! పేలాలు కాదు, పన్నీరు కాదు, నీళ్లు. డీజేకి డబ్బులున్నాయి, బెలూన్ల ఆర్చీకి ఉన్నాయి, డ్రోన్‌కి ఉన్నాయి. ఇంకో నాలుగు క్యాన్లకు లేవా? టెన్ కే వాళ్లు అదే దారిలో వస్తారని పోస్టరు వేసిన రోజే మీకు తెలియదా? ఆఖరి మనిషి వెనక స్వీపర్ బస్సు పంపిస్తారు కదా, ఎక్కి కూర్చోమని. ఆ బస్సులో రెండు క్యాన్లు పడేసినా మేం బతికేవాళ్లం. అది రాకముందే బల్ల మడిచే అధికారం ఎవడిచ్చాడు మీకు?

జవాబు అక్కర్లేదు. వచ్చేసారి బల్ల మీద వెనకొచ్చేవాళ్లకని ఒక క్యాన్ పక్కన పెట్టి, మీద రాసి పెట్టండి. నడుచుకుంటూ వచ్చినా సరే, వచ్చి తీసుకుంటాం.

ఇట్లు,
స్వీపర్ బస్సుకి పది గజాల ముందు పరిగెత్తినవాడు

తా.క.: ఫొటోల లింకు ఇప్పుడే వచ్చింది. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర ఖాళీ క్యాన్‌లోకి తొంగిచూస్తున్న నా ఫొటో మహా స్పష్టంగా వచ్చింది. డౌన్‌లోడ్‌కి విడిగా డబ్బులు కట్టాలట.