వంశం కడిగిన ముత్యమండీ!

మా కోనసీమ పెళ్లిళ్ల పేరయ్యల నోట ఒకటే మాట: "వంశం కడిగిన ముత్యమండీ బాబూ." ఎవరు కడిగారో, ఏ కాలవలో కడిగారో చెప్పరు. మొన్న అమలాపురం దగ్గర ఓ పెళ్లిచూపులు. అబ్బాయికి 41, అమ్మాయికి 29. పూతరేకు మడత విప్పుతూ అబ్బాయి తల్లిగారు విచారంగా సెలవిచ్చారు: "పిల్లకి వయసు కాస్త ముదిరింది కదండీ. రేపు మనవలు ఆరోగ్యంగా పుట్టాలి కదా!"

దీనికి బదులు చెప్పగల పెద్దమనిషి అక్కడే ఉన్నారు. అబ్బాయిగారి వీర్యకణాలను పుట్టించే మూలకణం. వంశాన్ని మోస్తున్నది ఆయనే, ఆయనకే కుర్చీ లేదు. వేశామనుకోండి.

"ఏమండీ, ఎలా ఉన్నారు?"

"ఏం చెప్పమంటారండి. మా డీఎన్‌ఏలో 45 శాతం దాకా గెంతే జన్యువులూ వాటి శిథిలాలేనండి. ఒక్కటి లేచి మంచి జన్యువు మధ్యలో కూలబడిందో, కొంప మునిగినట్టే. అందుకని పీవీ ప్రోటీన్లు (మన పీవీగారు కాదండోయ్) బుల్లి ఆర్‌ఎన్‌ఏలను వెంటేసుకుని, వరదల్లో ఏటిగట్టు కాసినట్టు కాస్తాయండి. డీఎన్‌ఏ పోగు తెగితే అతుకుతాం. అతకలేని కణాన్ని చంపేసుకుంటాం. ఒంటి వేడి తగలకుండా రెండుమూడు డిగ్రీలు తక్కువున్న చోటే మా కాపురం."

"అయితే తప్పులే దొర్లవన్నమాట?"

"ఎందుకు దొర్లవండీ! ఏడాదికి 23 సార్లు దాకా విడిపోతాం, ప్రతిసారీ మొత్తం డీఎన్‌ఏకి నకలు తీయాలి. బాబుగారికి ఏడాది మీద పడ్డప్పుడల్లా బిడ్డకి ఒకటో రెండో కొత్త మార్పులు ఎక్కువ. బిడ్డలో కనబడే 60, 70 కొత్త మార్పుల్లో నాలుగింట మూడొంతులు తండ్రివేనండి. చాలామటుకు హాని చెయ్యవు లెండి. కానీ చేసేవీ అందులోనే."

తల్లిగారు నమలడం ఆపలేదు. "పిల్ల జాతకం తెచ్చారా?"

అండానికి వయసు పట్టదని కాదు. 35 దాటాక క్రోమోజోముల లెక్క తప్పడం ఎక్కువే. ఆ ముక్క ఊళ్లో మేనత్తలందరికీ కంఠస్థం. పిల్లల్లేని జంటల్లో దాదాపు సగం చోట్ల మగాడి వైపు కూడా కారణం ఉంటుందన్న ముక్క మాత్రం ఎవరికీ నోరు తిరగదు. చిన్న సీసాలో ఇచ్చే వీర్యపరీక్షకి కొడుకుని పంపితే పరువు పోతుంది! కోడలికి మాత్రం స్కానింగుల మీద స్కానింగులు, మంగళవారం ఉపవాసాలు, రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణలు, చివరికి వీధి అరుగు మీద "గొడ్రాలు" అన్న బిరుదు. ఆ మాట అన్న నోటితోనే ఆమె చేతి కాఫీ తాగుతారే, సిగ్గనిపించదా?

ఆ పరీక్ష కాకినాడలో చేస్తారు, రాజమండ్రిలోనూ చేస్తారు. ఉపవాసం అక్కర్లేదు. రెండు నుంచి ఏడు రోజుల బ్రహ్మచర్యం చాలు. బస్సు చార్జీ నేనిస్తాను, పంపండి.