సర్వర్‌కి కరెంట్ బిల్లు

మొన్న శుక్రవారం రాత్రి నేను ఏడు రూపాయలు ఆదా చేశాను. ఆ ఆదాకి అయిన ఖర్చెంతో ఇంకా లెక్క తేలలేదు. తేలేలోపు ఇది రాసేస్తున్నాను. ఎలాగూ మా బావ నాతో మాట్లాడటం లేదు కాబట్టి చేతిలో బోలెడు టైముంది.

మా బావది విశాఖపట్నం ఎంవీపీ కాలనీ రైతు బజారుకి దగ్గర్లో చిన్న కొట్టు. మాడుగుల హల్వా, అనకాపల్లి బెల్లం, అరకు కాఫీ పొడి అమ్ముతాడు. మూడేళ్ల కిందట ఆ కొట్టుకి వెబ్‌సైట్ చేసిపెట్టింది నేనే. డబ్బు తీసుకోలేదు. చుట్టాలకి ఊరికే చేసిన పనికి గ్యారంటీ జీవితాంతం ఉంటుందని అప్పుడు తెలీదు.

ఆ సైటు ముంబైలో ఉన్న ఒక అద్దె క్లౌడ్ సర్వర్, అంటే గంటల లెక్కన అద్దెకిచ్చే కంప్యూటర్, దాని మీద నడుస్తుంది. బర్స్టబుల్ రకం. మన భాషలో చెప్పాలంటే రేషన్ కార్డు సర్వర్. గంటకి 12 క్రెడిట్లు జమ అవుతాయి. ఒక క్రెడిట్ ఖర్చుపెడితే ఒక సీపీయూ ఒక నిమిషం పాటు ఫుల్ స్పీడులో పనిచేస్తుంది. ఖాతా ఖాళీ అయిందా, పదో వంతుకి పడిపోతుంది. మామూలు రోజుల్లో మధ్యాహ్నం కునుకు తీస్తూ నాలుగు క్రెడిట్లు వెనకేసుకుంటుంది. పండగ వారంలో మాత్రం పొద్దున్న పదికల్లా చేతులెత్తేస్తుంది. 'అన్‌లిమిటెడ్' అని ఒక స్విచ్ ఉంది, అది ఆన్‌లో ఉంటే క్రెడిట్లు అయిపోయినా పరిగెడుతుంది, తేడా మాత్రం బిల్లులో కలుపుతారు. ఆ స్విచ్ మామూలుగా ఆన్‌లోనే వస్తుంది. దాన్ని వెతికి మరీ ఆపిన మహానుభావుణ్ణి నేనే.

దీపావళి ఆర్డర్లు మొదలయ్యాయి. సైటు తెరుచుకునేలోపు పావుకిలో హల్వా తినెయ్యొచ్చని ఎవరో రివ్యూ రాశారు. "ఊళ్లోకి గూగుల్ వాడే 15 బిలియన్ డాలర్లతో డేటా సెంటర్ తెస్తున్నాడు, నువ్వు ఒక్క హల్వా పేజీ తెరవలేకపోతున్నావు" అన్నాడు బావ. పౌరుషం వచ్చింది. సర్వర్ రకం మార్చేద్దామనుకున్నాను.

మార్చడం సరే, దేనికి? ఆ క్లౌడ్ కంపెనీ వాళ్ల జాబితా తెరిస్తే ఒక అక్షరం, ఒక అంకె, మళ్లీ ఒకట్రెండు అక్షరాలు, చుక్క, ఆ తర్వాత చొక్కా సైజు. నానో, మైక్రో, స్మాల్, మీడియం, లార్జ్. లార్జ్ ముందు ఇంకెన్ని ఎక్స్‌లు పెడతారో వాళ్ల ఇష్టం. జగదాంబ సెంటర్‌లో బట్టల షాపుకెళ్తే కనీసం భుజం మీద వేసి చూపిస్తారు, "మీ రంగుకి ఇది కాదు సార్" అంటారు. ఇక్కడ ఆ మాట అనే నాథుడు లేడు. పేరులో అంకె పక్కన 'జి' ఉన్నవి చవగ్గా కనిపించాయి. అదే డబ్బుకి రెట్టింపు మెమరీ. ఇంకేం చూడలేదు.

జి అంటే ఏఆర్ఎం చిప్. ఫోన్లలో ఉండే జాతి. పాత సర్వర్‌ది ఎక్స్86, కంప్యూటర్ల జాతి. దాని కోసం తయారైన ప్రోగ్రాం దీని మీద నడవదు. పాత డిస్కుకి కాపీ తీసి, దాంతోనే కొత్త రకం సర్వర్ లేపితే సరిపోతుందనుకున్నాను. లేపనివ్వలేదు. పోనీ అని కొత్త సర్వర్ తీసుకుని ప్రోగ్రాములు కాపీ చేస్తే 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' అంది. భువనేశ్వర్‌లో ఒడియా బోర్డు ముందు నిలబడ్డ నాలాగే ఉంది దాని పరిస్థితి. అక్షరాలు కనిపిస్తున్నాయి, ముక్క అర్థం కావడం లేదు. అన్నీ మొదట్నుంచి ఎక్కించాను. మూడు రాత్రులు. వాటి గురించి రాయను.

శుక్రవారం రాత్రి ఒంటిగంటకి అంతా సిద్ధం. డొమైన్‌ని, అంటే సైటు పేరుని, కొత్త సర్వర్ వైపు తిప్పాను. సైటు తుర్రున తెరుచుకుంది. హల్వా ఫొటో మీద జీడిపప్పు కూడా స్పష్టంగా కనిపించింది. ఆ ఆనందంలో పాత సర్వర్ ఆపేశాను. ఒకటి రెండు రోజులు రెండూ నడవనివ్వాలని ఈ పని చేసే ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ దానికి గంటకి దాదాపు రూపాయి అద్దె. రెండూ నడిస్తే రెండు అద్దెలు కదా. పొద్దున్న ఎనిమిదికి బావ ఫోన్ చేసేదాకా నేను హాయిగా నిద్రపోయాను. ఒంటిగంట నుంచి ఎనిమిది దాకా, ఏడు రూపాయలు.

"ఓటీపీ రావట్లేదంట" అన్నాడు బావ.

సంగతేంటంటే, ఓటీపీలు పంపిపెట్టే ఎస్సెమ్మెస్ కంపెనీ ఒకటి ఉంది. వాళ్ల దగ్గర మన సర్వర్ ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో దాని అంకెల చిరునామా, ముందే నమోదు చేయించాలి. ఆ ఐపీ నుంచి వచ్చిన అభ్యర్థనే తీసుకుంటారు, వేరేచోట నుంచి వస్తే గేటు బయటే. కొత్త సర్వర్‌కి కొత్త ఐపీ. పోనీ పాతది మళ్లీ లేపుదామా అంటే, ఒకసారి ఆపితే దాని ఐపీ పోతుంది, లేపినప్పుడు ఇంకోటి ఇస్తారు. ఎప్పటికీ మారని ఐపీ కూడా తీసుకోవచ్చు. మాకు సర్వర్ ఇచ్చినవాళ్లు 2024 నుంచి ప్రతి పబ్లిక్ ఐపీకీ గంటకి అర సెంటు తీసుకుంటున్నారు. మారేదైనా అంతే, మారనిదైనా అంతే. అంటే పైసా తేడా లేదు. మరెందుకు తీసుకోలేదని బావ అడిగాడు. చెప్పడానికి నా దగ్గర పిసినారితనం అన్న సాకు కూడా లేదు.

మా పాత ఐపీ ఈపాటికి ఇంకెవరికో ఇచ్చేసే ఉంటారు. వాళ్లెవరో గానీ, ఆ గేటు దగ్గర వాచ్‌మన్ వాళ్లకి సెల్యూట్ కొడతాడు.

కొట్టుకి వెళ్లి అక్కడినుంచే ఎస్సెమ్మెస్ కంపెనీకి ఫోన్ చేశాను. తెలుగు కోసం రెండు నొక్కాను. స్పీకర్ ఆన్‌లో పెట్టాను, అదీ నా తప్పే. కౌంటర్ దగ్గర బావ, కుర్చీలో పేపరు చదువుతూ బావ వాళ్ల నాన్న, అంటే మా మామయ్యగారు, అరకిలో హల్వా తూయించుకోవడానికి వచ్చిన ఒకావిడ.

"మా ఐపీ అడ్రస్ మారిందండీ. కొత్తది వైట్‌లిస్ట్ చెయ్యాలి."

"తప్పకుండా సార్. మీది అడ్రస్ మార్పు అభ్యర్థన. మీ సమస్య నాకు అర్థమైంది సార్. కొత్త అడ్రస్ చెప్తారా?"

"203 డాట్ 0 డాట్ 113 డాట్ 45."

"203, 0, 113, 45. తర్వాత వీధి పేరు సార్?"

ఇక్కడ ఆ అమ్మాయి తప్పు లేదని ఒప్పుకోవాలి. మన విశాఖపట్నం డోర్ నంబర్లు చూశారుగా. ఒక అంకె, గీత, ఇంకో అంకె, గీత, మూడో అంకె, చివర బై ఏదో ఒకటి. ఆ గీతల చోట చుక్కలు పెడితే ఐపీ అడ్రస్‌కీ మా ఇంటికీ తేడా తెలీదు. మా వీధిలో అయితే ఒకే నంబరుతో రెండిళ్లున్నాయి, కొరియర్ కుర్రాడు రెండు చోట్లా బెల్లు కొట్టి ఎవరు ముందు తలుపు తీస్తే వాళ్లకి ఇచ్చిపోతాడు. ఇంటర్నెట్‌లో అలా రెండు మిషన్లకి ఒకే ఐపీ ఇస్తే గొడవైపోతుంది. మా వీధిలో మాత్రం ఇరవై ఏళ్లుగా బండి నడిచిపోతోంది. కాబట్టి వీధి పేరు అడగడం ఆ అమ్మాయి వరకు న్యాయమే.

"వీధి ఉండదండీ. ఇది సర్వర్ అడ్రస్."

"సరే సార్. ఊరు?"

ముంబై అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"మా రికార్డుల్లో విశాఖపట్నం అని ఉంది సార్. మీరు ముంబైకి మారారా?"

"మేం మారలేదండీ. అది ముందునుంచీ ముంబైలోనే ఉంటోంది."

"ఎవరు సార్?"

"సర్వర్."

మామయ్యగారు పేపరు దించారు. ఆయన పుట్టి పెరిగిందంతా మాడుగుల. ఆయనకి సర్వర్ అంటే హోటల్లో ఇడ్లీ ప్లేటు పెట్టేవాడు. మూడేళ్లుగా నేనూ బావా ఆయన ముందు "సర్వర్ పడుకుంది", "సర్వర్‌ని లేపు", "సర్వర్‌కి గంటకి రూపాయి" అని మాట్లాడుకుంటుంటే ఆయన ఏమనుకున్నారో ఆ క్షణంలో బయటపడింది.

"గంటకి రూపాయిస్తే ఎవుడుంటాడు బాబూ? బొంబాయిలో! మానీసుంటాడు."

"మానలేదు మామయ్యా, నేనే మార్చాను."

"పండగముందు మారుస్తారేటి?" అన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో నేను విన్న ఒకే ఒక్క తెలివైన సాంకేతిక సలహా అది.

హల్వా కోసం వచ్చినావిడ తూకం వదిలేసి ఇటు తిరిగింది. "అద్దె తక్కువని ఎక్కడికో వెళ్లిపోయాడేమోనండీ పాతవాడు" అంది. నిజానికి వెళ్లింది నేనే.

ఫోన్లో అమ్మాయి ఇంకా లైన్లోనే ఉంది. "సార్, కొత్త అడ్రస్‌కి ప్రూఫ్ కావాలి. కరెంట్ బిల్లు గానీ, రెంటల్ అగ్రిమెంట్ గానీ అప్‌లోడ్ చేయండి."

"సర్వర్‌కి కరెంట్ బిల్లుండదమ్మా!"

"అద్దెకి ఉంటున్నారా సార్ వారు?"

ఒక్క క్షణం ఆలోచించాను. అద్దెకే. గంటల లెక్కన. "అవును" అన్నాను.

"అయితే రెంటల్ అగ్రిమెంట్ సరిపోతుంది సార్."

"అమ్మా, ఐపీ అంటే ఇంటర్నెట్ ప్రోటోకాల్. అది ఇంటర్నెట్ అడ్రస్."

"ఇంటర్నెట్ బిల్లు కూడా చెల్లుతుంది సార్, మూడు నెలల లోపుదైతే."

పై అధికారికి ఇమ్మన్నాను. పాట వేశారు. పదకొండు నిమిషాలు. మామయ్యగారు తలూపుతూ విన్నారు. పాట మధ్యమధ్యలో "మీ కాల్ మాకు ముఖ్యం" అని ఒక గొంతు. ఆ తర్వాత పై అధికారి వచ్చి, తమ సిస్టమ్‌లో ఐపీకి వేరే ఫారం ఉండేదనీ, కొత్త పోర్టల్ వచ్చాక అన్ని అడ్రస్ మార్పులనీ ఒకే ఫారంలో కలిపేశారనీ, అందులో ప్రూఫ్ జత చేయకపోతే సబ్మిట్ బటన్ వెలగదనీ ఎంతో మర్యాదగా చెప్పాడు. "మరి ఐపీ మారినవాళ్లంతా ఏం చేస్తున్నారు?" అన్నాను. "ఏదో ఒకటి పెడుతున్నారు సార్" అన్నాడు.

ఆ ఏదో ఒకటి చెప్పడానికి నలభై నిమిషాలు తీసుకున్నారు. వాణిజ్య ఎస్సెమ్మెస్‌లకి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో నిబంధనలు తెచ్చింది, పంపే పేరూ పంపే మాటా రెండూ ముందే రిజిస్టర్ చేయించాలి. మోసాలు ఆపడానికి అది అవసరమే, కాదనను. మా హల్వా ఓటీపీ వాక్యం కూడా అలా ఆమోదం పొందినదే. అంత పకడ్బందీ ఏర్పాటు మీద ఎవరో ఒక ఫారం తగిలించి, దాని బటన్‌ని కరెంట్ బిల్లుకి కట్టేశారు.

సరే, కొట్టు కరెంట్ బిల్లే పెట్టాను. గోడకి మేకుకి గుచ్చిన బిల్లుల్లోంచి పైది లాగితే, మూల మీద నెయ్యి మరక. ఫొటో తీశాను. లెటర్‌హెడ్ కూడా కావాలన్నారు, కొట్టుదే పెట్టాను. స్టాంపు కావాలన్నారు, ఆ కథ వేరు. బటన్ వెలిగింది. మీ అభ్యర్థన అందిందని రెండు సెకన్లలో నా ఫోన్‌కి ఎస్సెమ్మెస్ వచ్చింది. వాళ్ల ఎస్సెమ్మెస్‌లు మాత్రం బ్రహ్మాండంగా వెళ్తున్నాయి.

ఈలోగా సైటులో ఓటీపీ తీసేశాను. దాని బదులు మా అక్కని పెట్టాం. ఆర్డర్ పడగానే అక్క ఫోన్ చేసి, "మీరేనా అండీ హల్వా పెట్టింది?" అని అడుగుతుంది. గొంతు మీద అనుమానం వస్తే ఎన్ని కిలోలో మళ్లీ అడుగుతుంది. శ్రీకాకుళంలో ఒకాయన ఇదేదో సైబర్ మోసం అనుకుని పోలీసులకి చెప్తానన్నాడట. అక్క పది నిమిషాలు మాట్లాడి, వాళ్ల పెద్దమ్మాయి మాకు తెలిసినవాళ్ల కోడలని తేల్చి, ఇంకో కిలో బెల్లం కూడా అంటగట్టింది. ఓటీపీ ఆ పని చెయ్యలేదు, నిజమే. కానీ అక్క గొంతు శనివారం సాయంత్రానికే పోయింది. ఆదివారం మిరియాల పాలతో నడిపించారు. మళ్లీ ఆ పాలు కాచిపెట్టమని నాకే చెప్పారు.

కొత్త సర్వర్ సంగతి అడగరేం? అది అద్భుతంగా ఉంది. ఖాతా నిండా క్రెడిట్లు. పని లేక గోళ్లు గిల్లుకుంటోంది.

ఇందాకే ఎస్సెమ్మెస్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. రిజిస్ట్రేషన్ అక్క పేరు మీద ఉంది, కరెంట్ బిల్లు మామయ్యగారి పేరు మీద ఉంది. పేర్లు సరిపోలేదు కాబట్టి, బిల్లుదారుకీ ముంబైలో అద్దెకుంటున్న వ్యక్తికీ ఉన్న సంబంధం రుజువు చేసే పత్రం మూడు పని దినాల్లో జత చేయాలట.

మెయిల్ పైకి చదివాను. బావ ఏమీ మాట్లాడలేదు. మామయ్యగారు కళ్లజోడు తుడుచుకుని, "దత్తత అని రాసీ బాబూ, సంతకం నేనెడతాను" అన్నారు.