పేరు దాస్తే దాడి ఆగుతుందా?
సర్వర్ల పేర్లు దాచేస్తే దాడులు ఆగుతాయని తిరుపతిలో మా ఐఆర్‌సీ (ఒకదానికొకటి కలిపిన సర్వర్ల మీద నడిచే ఇంటర్నెట్ చాట్) మిత్రులు ఇంకా వాదిస్తున్నారు, వింటుంటే ఒళ్లు మండుతోంది. 2001లో పెద్ద దాడులు తిన్న అండర్‌నెట్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్ కూడా తర్వాత పేర్లు దాచింది, నిజమే. కానీ జనం కనెక్ట్ అవ్వాలంటే అడ్రస్ డీఎన్‌ఎస్‌లో (సర్వర్ పేరుకు దాని నంబర్ అడ్రస్, అంటే ఐపీ, చూపే ఇంటర్నెట్ డైరెక్టరీలో) ఉండాల్సిందే కదా, అది దాడి చేసేవాడికి మాత్రం కనిపించదా? ట్రాఫిక్‌తో ముంచేసేవాడికి కావాల్సింది ఐపీ, పేరు కాదు. సర్వర్లను ఒకదానితో ఒకటి కలపడానికే ఉండే, యూజర్లు కనెక్ట్ అవ్వని హబ్‌ను దాచండి, దానికి అర్థముంది. మిగతావి దాస్తే నష్టం మనకే: నెట్‌స్ప్లిట్ వచ్చినప్పుడు (సర్వర్ల మధ్య లింకు తెగి నెట్‌వర్క్ ముక్కలైనప్పుడు) ఏ సర్వర్ పడిపోయిందో తెలియక ఇక్కడ మేము, చిత్తూరులో వాళ్లు గంటల తరబడి ఒకరినొకరు అడుగుతూ కూర్చోవాలి. ఆ శ్రమేదో బ్యాండ్‌విడ్త్ మీద, ప్రొవైడర్ దగ్గర ఫిల్టరింగ్ మీద పెట్టండయ్యా!