బరంపురంలో భుజకీర్తుల యుద్ధం

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. బరంపురాన్ని మాత్రం పట్టించుకోలేదు. పట్టుబట్టలూ అప్పడాలూ తప్ప ఇక్కడేమున్నాయిలే అనుకున్నారో ఏమో! ఈ చిన్నచూపును మా ఊరి తెలుగువాళ్లు 80 ఏళ్లకు పైగా పంటిబిగువున భరించారు. సర్వసైన్యాధిపతిగా రాష్ట్రపతి పీఠమెక్కిన వి.వి. గిరి పుట్టిన ఊరు ఇది. పక్కనే గోపాల్‌పూర్‌లో విమానాలను కూల్చే విద్య నేర్పే సైనిక కాలేజీ ఉంది. ఇంత ఉండీ మనకంటూ ఒక యుద్ధం లేకపోవడమేమిటని కొందరు పెద్దమనుషులు నడుం బిగించారు. ఇప్పుడు యుద్ధాన్ని ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చి తెప్పించుకుంటున్నారు.

వచ్చేది ఫిరంగి కాదులెండి. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల భుజాల మీద కుట్టిన గుడ్డ బిళ్ల. ప్యాచ్ అంటారు. డివిజన్ అంటే వేలమంది సైనికులుండే పెద్ద దళం. ఏ డివిజన్‌కు ఆ గుర్తు. 4వ భారత డివిజన్‌ది ఎర్ర గద్ద, 5వదానిది నల్లగుడ్డ మీద ఎర్రటి గుండ్రం, 17వదానిది నల్లపిల్లి. పిల్లి ఎదురొస్తే గుమ్మంలోనే ఆగి మంచినీళ్లు తాగి బయల్దేరే వంశాల్లో పుట్టినవాళ్లు కూడా ఈ పిల్లి కోసం నెల పెన్షన్ ధారపోస్తున్నారు. బర్మాలో జపాన్‌తో పోరాడిన బ్రిటిష్ జనరల్ స్లిమ్ నడిపిన 14వ ఆర్మీ ప్యాచ్ మీద కత్తి మొన కిందికి ఉంటుంది. బర్మాను ఉత్తరం నుంచి దిగివచ్చి గెలవాలి కాబట్టి అలా పెట్టారట. ఈ సంగతి చెప్పకుండా మా సేకర్తలు అతిథికి కాఫీ ఇవ్వరు.

వీళ్లు ప్యాచ్‌ను ముందువైపు చూడరు. అది పామరుల పద్ధతి. తిరగేసి, ముడులు చూసి, నిట్టూరుస్తారు. తర్వాత తలుపులేసి, కిటికీకి దుప్పటి కట్టి, అల్ట్రావయొలెట్ లైటు వేస్తారు. పాత నూలుదారం ఆ వెలుగులో మసగ్గా పడుంటుంది. యుద్ధం తర్వాత వచ్చిన కొత్త దారాలు, బట్టల్ని తెల్లగా చూపించే రసాయనాల వల్ల, పెళ్లిపందిరిలా వెలుగుతాయి. వెలిగిందా, నకిలీ.

మా వీధిలో ఒక పెద్దాయన నల్లపిల్లిని తెప్పించాడు. లైటు పరీక్షలో పిల్లి మెరవలేదు. ఇంటిల్లిపాదికీ స్వీట్లు పంచాడు. మర్నాడు ఆయన స్నానానికి వెళ్లిన వేళ ఇల్లాలు ఆ ముక్కను చూసి, "ఛీ, ఎవడి చెమటో!" అని సర్ఫులో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, క్లిప్పు పెట్టి దండెం మీద ఆరేసింది. ఆ రాత్రి లైటు వేస్తే పిల్లి కళ్లతో సహా ధగధగలాడింది. "ఏవండీ, ఎంత తెల్లగా వచ్చిందో చూశారా!" అందావిడ. బర్మా యుద్ధం దాటొచ్చిన పిల్లి ఒక్క బకెట్‌లో నకిలీ అయిపోయింది. ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. నకిలీలు తయారుచేసేవాళ్లు మాత్రం ఉతకరు. టీ డికాక్షన్‌లో ముంచి ఎండబెడతారు. శుభ్రత లేనిచోటే చరిత్ర ఉంటుందని వాళ్లకు బాగా తెలుసు.

జరీ ప్యాచ్‌ల చిక్కు ఇంకో రకం. యుద్ధకాలంలో మన దేశంలో దిగిన అమెరికా సైనికులు ఇక్కడి పనివాళ్లతోనే జరీతో కుట్టించుకున్నారు. బెనారస్‌లో ఇప్పటికీ విదేశీ సైన్యాలకు బ్యాడ్జీలు కుడుతున్నారు. అదే సూది, అదే పనితనం. తాత కుట్టింది అసలు, మనవడు కుట్టింది నకిలీ.

పతకాల గురించి ఎక్కువ మాట్లాడితే ఏడుపొస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ వార్ మెడల్ ఇచ్చారు. వెండిది, అంచు మీద సైనికుడి పేరూ నంబరూ చెక్కి ఉండేది. చాలా ఇళ్లలో అది కంసాలి దగ్గరికెళ్లి, పట్టీలై తిరిగొచ్చింది. కూలిదళాల వాళ్లకిచ్చిన కంచువి కొన్ని మిగిలాయి, కరిగిస్తే ఏమొస్తుందని!

పెళ్లికి ప్యాచ్ కుట్టిన చొక్కాతో వెళ్దామంటే అదీ కుదరదు. సైనికుడినని నమ్మించడానికి సైనికుల గుర్తులు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ ప్రకారం 3 నెలల దాకా జైలు. అందుకే వీరత్వమంతా ప్లాస్టిక్ ఆల్బమ్‌లో ఉంటోంది.

ఆల్బమ్ చూడ్డానికి మొన్న మా సుబేదారు గారిని పిలిచారు. 1971 యుద్ధంలో పనిచేసి వచ్చిన మనిషి. ఒక్కొక్క పేజీ నెమ్మదిగా తిప్పి, ఎర్ర గద్ద దగ్గర ఆగి, "ఇది వేసుకున్న కుర్రాడు ఎవరు బాబూ?" అనడిగారు.

"కండిషన్ చూడండి, సుబేదారు గారూ! ఎక్కడా చెద లేదు."

"నా చొక్కా కూడా ఇంట్లో ఉండాలి. భుజానికి బిళ్ల అలాగే ఉంది. మీ పిన్నిగారు గిన్నెలు దించడానికి వాడుతోంది."

మా పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. లైటు చేతిలోకి తీసుకున్నాడు.

"ఉతికారా?"

"మసిగుడ్డను ఎవరు ఉతుకుతారయ్యా?"

"మరి ఆ మసి 71దేనాండీ?"