పైపులో గడ్డకట్టే గ్యాస్: మందు కంటే ముందు నీటి లెక్క

కాకినాడ తీరానికి ఆవల, కృష్ణా-గోదావరి బేసిన్‌లో సముద్రం అడుగు మట్టిలో గ్యాస్ హైడ్రేట్ దండిగా ఉందని 2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక చేసిన డ్రిల్లింగ్‌లో బయటపడింది. చూడ్డానికి అది మంచుగడ్డే, అగ్గిపుల్ల పెడితే మాత్రం మండుతుంది. నీటి అణువులు అల్లిన గూళ్లలో మీథేన్ చిక్కుకుని ఉంటుంది. మట్టిలో దాన్ని నిలబెట్టిన చల్లదనం, ఒత్తిడి అదే సముద్రంలో పరిచిన గ్యాస్ పైపులోనూ ఉంటాయి. 4 డిగ్రీల దగ్గర మీథేన్ హైడ్రేట్ కట్టడానికి 40 బార్ ఒత్తిడి చాలు. ప్రొపేన్ కాస్త కలిసిన గ్యాస్‌కు అంత కూడా అక్కర్లేదు.

దీన్ని ఆపడానికి ఎక్కువగా వాడేవి మిథనాల్, మోనో ఇథిలిన్ గ్లైకాల్. రెండోదాన్ని పనిలో ఉన్నవాళ్లు మెగ్ అంటారు. ఏ రసాయనం మేలన్న చర్చ చాలానే జరుగుతుంది. పైపులు మూసుకుపోయే అసలు కారణం మాత్రం చాలాసార్లు నీటి లెక్క తప్పడమే.

ఒక ఉదాహరణ చూద్దాం. పైపులోని ఒత్తిడికి 22 డిగ్రీల దగ్గర హైడ్రేట్ కట్టే గ్యాస్, అడుగున సముద్రం 4 డిగ్రీలు. తేడా 18, జాగ్రత్తకు మరో 3 కలిపితే 21. హామర్‌ష్మిట్ సూత్రం ప్రకారం 21 డిగ్రీల రక్షణ కావాలంటే, అంటే హైడ్రేట్ కట్టే ఉష్ణోగ్రత అంత కిందికి దిగాలంటే, పైపులోని నీళ్లలో మెగ్ 50 శాతం ఉండాలి. రోజుకు 1,000 కిలోల నీరు వస్తే, 80 శాతం లీన్ మెగ్ (నీరు చాలావరకు తీసేసిన మెగ్) 1,667 కిలోలు పంపాలి. బావి ముదిరి ఫార్మేషన్ వాటర్ (రాతి పొరల్లోని ఉప్పు నీరు) మొదలై నీరు 2,000 కిలోలైందనుకోండి. పంపు మీటరు పాత అంకెనే చూపిస్తుంటుంది, పైపులో మెగ్ మాత్రం 36 శాతానికి పడిపోతుంది. రక్షణ 12 డిగ్రీలే. జాగ్రత్త వాటా పక్కనపెట్టి, కావాల్సిన 18కే పడ్డ ఈ ఆరు డిగ్రీల లోటు ఒడ్డున ఎవరికీ కనిపించదు.

అందుకే పైపులోని నీటిని కలుపుకుని ఒడ్డుకొచ్చిన మెగ్‌లో, అంటే రిచ్ మెగ్‌లో, నీటి శాతంతో పాటు ఉప్పును పట్టించే క్లోరైడ్ కూడా క్రమం తప్పక చూడాలి. గ్యాస్ నుంచి చల్లబడి దిగిన నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు. క్లోరైడ్ పెరిగిందంటే ఏదో బావి నీళ్లు వదులుతోందనే అర్థం. పొడవాటి లైన్‌లో ద్రవం నెమ్మదిగా కదులుతుంది కాబట్టి ఈ కబురు ఆలస్యంగా అందుతుంది. ప్రతి బావికీ గ్యాస్‌తో వచ్చే నీటిని కొలిచే వెట్ గ్యాస్ మీటరు పెట్టడాన్ని దండగ ఖర్చుగా చూడటం పొరపాటు.

ఉప్పు ఇంకో చేటు కూడా చేస్తుంది. మళ్లీ వాడేందుకు మెగ్‌ను కాచి నీటిని తీసేసినప్పుడు ఉప్పు వెనకే మిగిలి, రీబాయిలర్ (మెగ్‌ను కాచే పాత్ర) గొట్టాలకు పొలుసులా పట్టుకుంటుంది. అక్కడ వేడి పెంచి నెట్టుకొద్దామంటే 165 డిగ్రీలు దాటాక మెగ్ చెడిపోతుంది. వాక్యూమ్‌లో తక్కువ వేడికే మెగ్‌ను మరిగించి ఉప్పును వేరుచేసే రీక్లెయిమర్ అవసరం అందుకే.

మిథనాల్ బరువుకు బరువు ఎక్కువ పనిచేస్తుంది. 25 శాతానికి 13 డిగ్రీల పైనే రక్షణ, అదే పాళ్లలో మెగ్‌కు 7. కానీ చాలా భాగం గ్యాస్‌లోకి, గ్యాస్‌తో వచ్చే తేలిక నూనె అయిన కండెన్సేట్‌లోకి పోతుంది, తిరిగి రాదు. పగటి వెలుతురులో దాని మంట కంటికి ఆనదు. నిత్యం వాడకానికి మెగ్, బావిని మళ్లీ తెరిచేటప్పుడు మిథనాల్ అన్న పద్ధతి సబబైనది. ఆగి చల్లారిన బావిని తెరిస్తే చోక్ (ప్రవాహాన్ని అదుపుచేసే వాల్వ్) దగ్గర ఒత్తిడి పడిపోయి గ్యాస్ ఇంకా చల్లబడుతుంది. మిథనాల్ చోక్‌కు ముందు వైపున, వాల్వ్ కదలక ముందే చేరాలి.

నీటిలో 0.5 నుంచి 2 శాతం చాలనే కొత్త తరం రసాయనాల మీద ఇప్పుడు మోజు ఎక్కువ. పాలీవినైల్ క్యాప్రోలాక్టమ్ లాంటి పాలిమర్లు హైడ్రేట్‌ను వాయిదా వేస్తాయంతే. లైన్ రోజుల తరబడి ఆగితే గడువు తీరిపోతుంది, తీరాక గడ్డ వేగంగా పెరుగుతుంది. వేడి బావి ప్రవాహంలో పోస్తే ఆ పాలిమరే జిగురులా విడిపోయి అంటుకోవచ్చు. గడ్డలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూసే యాంటీ అగ్లోమరెంట్లకు నూనె తోడుండాలి, ఉత్త గ్యాస్ లైన్‌కు పనికిరావు. నీరు పెరుగుతున్న పాత ఫీల్డ్‌లో ఖర్చు తగ్గుతుందని మెగ్ మానేసి వీటికి మారడం ప్రమాదకరం.

ఇక గడ్డ కట్టేసిందంటే తొందర పనికిరాదు. ఒక ఘనమీటరు హైడ్రేట్ కరిగితే 160 ఘనమీటర్లకు పైగా గ్యాస్ వస్తుంది. ఒకచోట వేడి పెడితే ఆ గ్యాస్‌కు దారి దొరకక పైపు పగలొచ్చు. ఒకవైపే ఒత్తిడి దించితే గడ్డ తూటాలా దూసుకెళ్లి వంపును బద్దలు కొడుతుంది. రెండు వైపులా సమంగా, నెమ్మదిగా దించాలి. బావి వైపు నుంచి గ్యాస్ వదిలే దారిని డిజైన్‌లోనే పెట్టని లైన్‌కు ఆ అవకాశం కూడా ఉండదు.