పాలిచ్చే ఆవు, తన్నిన కాలు: బాబ్ నైట్ తొలగింపుపై ఒక వాదోపవాదం

అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం తన పురుషుల బాస్కెట్‌బాల్ జట్టుకు 29 ఏళ్ళపాటు హెడ్ కోచ్‌గా ఉన్న బాబ్ నైట్‌ను 2000 సెప్టెంబరు 10న ఉద్యోగం నుంచి తొలగించింది. అది న్యాయమా, అన్యాయమా అన్నదే ఇక్కడి వాదం. నైట్ పక్షాన మాట్లాడేవారు కోస్తా జిల్లాల్లోని ఒక డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్ళు ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మాస్టారు. ఎదుటి పక్షం, ఒకప్పుడు ఆయన దగ్గరే బంతి పట్టడం నేర్చుకుని, తర్వాత ఇండియానా విశ్వవిద్యాలయం ఉన్న బ్లూమింగ్టన్‌లో రెండేళ్ళు చదివి వచ్చిన ఆయన శిష్యురాలిది. మధ్యస్థుణ్ణి నేనే అయినా తీర్పు చెప్పబోవడం లేదు. అయితే ఒకటి రెండు చోట్ల నోరు కట్టుకోలేకపోయానని ముందే ఒప్పుకుంటున్నాను.

మాస్టారు: ముందు మనిషి ఎవరో చెప్పుకుందాం, తర్వాత తప్పులు లెక్కపెడుదువుగాని. ఒహాయో రాష్ట్రంలో ఆర్‌విల్ అనే చిన్న ఊళ్ళో పెరిగిన కుర్రవాడు ఒహాయో స్టేట్ జట్టులో, అదీ ఎక్కువగా బెంచి మీద కూర్చునే ఆటగాడిగా ఉండి, జెర్రీ లూకాస్, జాన్ హావ్లిచెక్ వంటి వారి పక్కన 1960లో జాతీయ ఛాంపియన్‌షిప్ చూశాడు. 24 ఏళ్ళకే వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ జట్టుకు హెడ్ కోచ్ అయ్యాడు. సైన్యంలో చేరవలసిన పిల్లలు, ఎత్తు తక్కువ పిల్లలు, వారితో ఆరేళ్ళలో 102 గెలుపులు సాధించాడు. 1971లో ఇండియానాకు వచ్చాక 1976, 1981, 1987 సంవత్సరాల్లో మూడు జాతీయ టైటిళ్ళు, ఇండియానా ఆడే విశ్వవిద్యాలయాల లీగు అయిన బిగ్ టెన్‌లో పదకొండు టైటిళ్ళు తెచ్చాడు. అక్కడ ఆయన గెలిచినవి 662 మ్యాచ్‌లు.

శిష్యురాలు: ఆ అంకెల్లో ఒక్కదానితోనూ నాకు పేచీ లేదు, మాస్టారూ.

మాస్టారు: అంకెలు ఎలా వచ్చాయో చెప్పనివ్వమ్మా, అక్కడే అసలు సంగతి ఉంది. 1975లో ఆ జట్టు వరుసగా 31 మ్యాచ్‌లు గెలిచి, ప్రధాన ఆటగాడు స్కాట్ మే చెయ్యి విరిగి ఉండగా, కెంటకీ చేతిలో 92–90 తేడాతో ఓడిపోయింది. మరుసటి ఏడాది 32 ఆడి 32 గెలిచింది. ఫైనల్లో మిషిగన్ మీద సగం ఆట ముగిసేసరికి ఆరు పాయింట్లు వెనకబడి ఉంది. ఇండియానా ఆటగాడు బాబీ విల్కర్సన్ తలకు దెబ్బ తగిలి ఆట మొదట్లోనే ఆస్పత్రికి వెళ్ళిపోయాడు. అటువంటి స్థితిలో రెండో సగంలో 57 పాయింట్లు చేసి 86–68తో గెలవడం అరుపులతో జరిగే పని కాదు. ఆయన మోషన్ అఫెన్స్ అన్న పద్ధతిలో ఫలానావాడు ఫలానా చోటికి పరుగెత్తాలన్న రాసిపెట్టిన ఎత్తు ఉండదు. బంతి లేని నలుగురూ ఎదుటివాడి పాదం ఎటు వాలుతోందో చూసి, ఒకరికొకరు అడ్డు నిలిచి దారి తీసుకుంటూ, క్షణక్షణం తమకు తామే నిర్ణయించుకోవాలి. అంటే ఆయన నేర్పింది ఆలోచించడం. నేను మా కళాశాల మైదానంలో దాన్ని నేర్పబోయి మూడేళ్ళు తంటాలు పడ్డాను. పిల్లలు చివరికి ఎప్పుడూ బంతి ఉన్నవాడి చుట్టూనే మూగేవారు.

శిష్యురాలు: ఆ మూగినవారిలో నేనూ ఉన్నాను. మీరు మమ్మల్ని తిట్టారు, ఎండలో మైదానం చుట్టూ పరుగెత్తించారు. గొంతు మాత్రం పట్టుకోలేదు.

(ఇంత త్వరగా ఇక్కడికి వస్తుందని మాస్టారు అనుకోలేదు. నేనూ అనుకోలేదు.)

మాస్టారు: నీల్ రీడ్ సంగతి అంటున్నావు.

శిష్యురాలు: అవును. 1997లో ఒక ప్రాక్టీసులో నైట్ తన గొంతు పట్టుకున్నాడని ఇండియానా మాజీ ఆటగాడు రీడ్ 2000 మార్చిలో టీవీలో చెప్పాడు. నైట్ పక్షం దాన్ని కొట్టిపారేసింది, ఊళ్ళో చాలామంది రీడ్‌నే అబద్ధాలకోరుగా చూశారు. ఏప్రిల్‌లో ఆ ప్రాక్టీసు వీడియోనే బయటికి వచ్చింది. రెండు మూడు క్షణాల దృశ్యమది. పెద్దాయన నడిచి వెళ్ళి, ఒక చేత్తో కుర్రవాడి మెడ ముందు భాగాన్ని పట్టుకుంటాడు, తల వెనక్కి వాలుతుంది, ఆపైన వదిలేస్తాడు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఆ చెయ్యి కాదు, ఆ వీడియో మూడేళ్ళు ఎక్కడో భద్రంగా ఉండటం, అందులో కనిపించే మిగతా ఆటగాళ్ళకు నిజం తెలిసి ఉండటం.

మాస్టారు: ఆ చెయ్యిని నేను సమర్థించను. అయితే దానికి శిక్ష పడింది కదా? మే నెలలో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు మైల్స్ బ్రాండ్ 30,000 డాలర్ల జరిమానా, మూడు మ్యాచ్‌ల నిషేధం విధించి, ఇకపై ఒక్క పొరపాటు జరిగినా సహించేది లేదని షరతు పెట్టి ఉద్యోగంలో కొనసాగించాడు. ఆ తర్వాత జరిగిందేమిటి? సెప్టెంబరులో పందొమ్మిదేళ్ళ విద్యార్థి ఒకడు ఎదురుపడి, దాదాపు అరవై ఏళ్ళ మనిషిని, ‘ఏంటి నైట్?’ అన్న ధోరణిలో ఒట్టి ఇంటిపేరుతో పలకరించాడు. నైట్ వాడి చెయ్యి పట్టుకుని, పెద్దవాళ్ళను అలా పిలవకూడదని చెప్పాడు. మన ఊళ్ళో మా వయసువాడిని ఒక కుర్రాడు ‘ఏం సుబ్బారావు’ అంటే దారినపోయేవాళ్ళే నాలుగు చీవాట్లు పెడతారు. దానికి 29 ఏళ్ళ ఉద్యోగం తీసేస్తారా?

శిష్యురాలు: మన ఊరి కొలత అక్కడ పెట్టకండి, మాస్టారూ. పైగా దానికొక్కదానికే తీయలేదు. షరతు పెట్టిన నాలుగు నెలల్లో విశ్వవిద్యాలయ కార్యక్రమాలకు రావడం మానేశాడనీ, ఒక ఉన్నత మహిళాధికారితో దురుసుగా ప్రవర్తించాడనీ బ్రాండ్ చెప్పాడు. ఆ విద్యార్థి ఘటన చివరి గడ్డిపోచ మాత్రమే. అయినా మర్యాద గురించి కుర్రవాడికి పాఠం చెప్పే అర్హత ఎవరికి ఉండాలి? 1985 ఫిబ్రవరి 23న పర్డ్యూ విశ్వవిద్యాలయంతో మ్యాచ్ జరుగుతుండగా అసెంబ్లీ హాలులో ఏం చేశాడో నాకంటే మీకే బాగా తెలుసు.

(పాఠకులు శాసనసభ అనుకోవద్దు, ఇండియానా విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ మందిరానికి అప్పటి పేరే అసెంబ్లీ హాల్. పదిహేడు వేల మంది పట్టే చోటు, పైకప్పు కింద టైటిళ్ళ జెండాలు వేలాడుతుంటాయి.)

మాస్టారు: కుర్చీ. ప్రపంచమంతా ఆ కుర్చీయే చూసింది. ఆట మొదలై అయిదారు నిమిషాలు కూడా కాలేదు, రెఫరీల తీర్పులు ఆయనకు నచ్చలేదు, వాదించినందుకు టెక్నికల్ ఫౌల్ వేశారు, అంటే ఎదుటి జట్టుకు అడ్డు లేకుండా బంతి వేసే ఫ్రీ త్రో ఇచ్చారు. పర్డ్యూ ఆటగాడు ఫ్రీ త్రో వేయడానికి గీత దగ్గర నిలబడ్డాడు. నైట్ వెనక్కి తిరిగి, తాను కూర్చునే ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీని ఎత్తి కోర్టు మీదికి విసిరాడు. అది ఆ కుర్రవాడి ముందు నుంచి జారుకుంటూ అవతలికి పోయింది. ఎవరికీ తగలలేదు.

శిష్యురాలు: తగలకపోవడం అదృష్టం, సుగుణం కాదు. ఆ తప్పుకు పడింది ఒక్క మ్యాచ్ నిషేధం. అంతకు ముందు 1979లో పాన్ అమెరికన్ క్రీడల సమయంలో ప్యూర్టోరికోలో ప్రాక్టీసు దగ్గర పోలీసుతో గొడవపడి, కొట్టాడన్న నేరం మీద ఆయన లేకుండానే కోర్టు ఆరు నెలల జైలు శిక్ష వేసింది. ఆయన ఎన్నడూ వెళ్ళి అనుభవించలేదు. 1988లో టీవీ ఇంటర్వ్యూలో అత్యాచారం గురించి అనకూడని పోలిక ఒకటి తెచ్చాడు, ఆ మాటను ఇక్కడ తిరగరాయడం నాకు ఇష్టం లేదు. కొడుకు ప్యాట్ తన జట్టులోనే ఆడుతుండగా 1993లో బెంచి దగ్గర అతన్ని కాలితో తన్నాడు. విశ్వవిద్యాలయం అప్పుడు కూడా ఒక్క మ్యాచ్ దూరం పెట్టి సరిపెట్టింది.

మాస్టారు: బాగుంది. నా వాదాన్ని నువ్వే నా చేతికి ఇచ్చావు. 1979లో తీయలేదు, 1985లో తీయలేదు, 1988లో తీయలేదు. 1984లో మైకేల్ జోర్డన్, ప్యాట్రిక్ యూయింగ్ ఉన్న అమెరికా జట్టుకు లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చిపెట్టిన మనిషి, 1987లో సిరక్యూస్ మీద చివరి క్షణాల్లో కీత్ స్మార్ట్ ఎడమవైపు నుంచి వేసిన బంతితో 74–73గా టైటిల్ తెచ్చిన మనిషి వారికి కావాలి. 1995 నుంచి 2000 దాకా జాతీయ టోర్నమెంటు చూడు: నాలుగుసార్లు మొదటి రౌండులోనే, రెండుసార్లు రెండో రౌండులో ఇంటిముఖం పట్టింది ఇండియానా. అప్పుడు గుర్తొచ్చింది వారికి నీతి. పాలిచ్చే ఆవు తన్నినా పడతారు. వట్టిపోగానే కాలు దురుసుదని సంతకు తోలుతారు. ఇదా న్యాయం?

(ఈ మాటకు జవాబు దొరకదని అనుకున్నాను. మాస్టారి పక్షంలో దీన్ని మించిన వాదం లేదని ఇప్పటికీ నా అభిప్రాయం.)

శిష్యురాలు: కాదు, న్యాయం కాదు. అయితే అన్యాయం ఎప్పుడు జరిగింది? మీ లెక్క ప్రకారమే చూస్తే 2000లో కాదు, 1985లో జరిగింది, ఆ తర్వాత ప్రతి ఏడూ జరిగింది. కుర్చీ విసిరిన రోజున గట్టిగా మందలించి ఉంటే ఆయనకు 44 ఏళ్ళు, మారే వయసు. తప్పుకు తగిన శిక్ష సకాలంలో పడని మనిషికి అది తప్పని తెలిసే దారి మూసుకుపోతుంది. విశ్వవిద్యాలయం నైట్‌కు అన్యాయం చేసిందంటే ఒప్పుకుంటాను, తీసేయడం వల్ల కాదు, అంతకాలం ఏమీ అనకుండా ఉంచడం వల్ల. అలా చూసినప్పుడు కూడా మొదట నష్టపోయింది నైట్ కాదు, రీడ్ లాంటి పిల్లలు.

మాస్టారు: పిల్లల మాట వచ్చింది కాబట్టి అడుగుతాను. అమెరికా కళాశాల క్రీడల్లో ఆటగాళ్ళను డబ్బుతో రప్పించడం, చదువు ఎగ్గొట్టించడం ఎంత మామూలో నీకు తెలుసు. ఆయన హయాంలో ఇండియానా జట్టు మీద అటువంటి మచ్చ ఒక్కటి లేదు. తరగతికి వెళ్ళనివాడిని కూర్చోబెట్టేవాడు, నాలుగేళ్ళూ ఉన్నవారు దాదాపు అందరూ పట్టా తీసుకునేవారు. విశ్వవిద్యాలయ గ్రంథాలయం కోసం లక్షల డాలర్లు పోగుచేశాడు. కోచ్ గ్రంథాలయానికి విరాళం అడగడం నువ్వెక్కడైనా విన్నావా? 1981 జట్టు ఆటగాడు ల్యాండన్ టర్నర్ కారు ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడిపోతే అతని వైద్యానికి నిధి కూడగట్టింది ఈ దురుసు మనిషే. ఆయన్ను తీసేశాక కొన్నాళ్ళకు తెచ్చుకున్న కెల్విన్ శాంప్సన్ ఏమయ్యాడు? జట్టులో చేర్చుకోదలచిన ఆటగాళ్ళకు చేసిన ఫోన్లలో నియమాలు తప్పాడన్న ఆరోపణల మధ్య 2008 ఫిబ్రవరిలో వెళ్ళిపోయాడు, జట్టు కుప్పకూలింది.

శిష్యురాలు: టర్నర్ సంగతి నిజం, గ్రంథాలయం నిజం. వాటికి చెయ్యెత్తి మొక్కుతాను. పట్టాల లెక్కలో మాత్రం మీరు ‘నాలుగేళ్ళూ ఉన్నవారు’ అన్న చిన్న మాట దాటేశారు. ఉండలేక వెళ్ళిపోయినవారు ఆ లెక్కలోకి రారు. రీడ్ వెళ్ళాడు, జేసన్ కొలియర్ వెళ్ళాడు, ల్యూక్ రెకర్ వెళ్ళాడు, అందరూ ఆ చివరి మూడేళ్ళలోనే. శాంప్సన్ నియమం తప్పాడు గనక నైట్ చెయ్యి ఒప్పయిపోదు కదా. ఇంకొకటి: మీరు చెప్పే ఆ చదువు, ఆ ఆట, ఆ పట్టుదల కోపం లేకుండా సాధ్యం కావనుకుంటే, వెస్ట్ పాయింట్‌లో ఆయన దగ్గరే ఆడిన మైక్ షషెవ్‌స్కీని చూడండి. డ్యూక్ విశ్వవిద్యాలయానికి అయిదు టైటిళ్ళు తెచ్చాడు. ఆయనా నోటి దురుసుకు పేరుపడ్డవాడే, అయినా ఆయన కథలో కుర్చీలు లేవు, మెడలు లేవు.

మాస్టారు: 2011లో ఆ శిష్యుడు 903వ గెలుపుతో గురువు గెలుపుల రికార్డు దాటిన రాత్రి న్యూయార్క్‌లో వ్యాఖ్యాతగా కూర్చున్నది నైటే. శిష్యుడు నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళి కౌగిలించుకున్నాడు. ఆ దృశ్యం నేను కంప్యూటర్‌లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

శిష్యురాలు: నేనూ చూశాను. మీరే పంపించారు.

మాస్టారు: తీసేశాక ఆయన ఇంట్లో కూర్చోలేదు. టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, 2007 జనవరి 1న 880వ గెలుపుతో అప్పటిదాకా రికార్డు ఉన్న కోచ్ డీన్ స్మిత్‌ను దాటి, 2008లో 902 దగ్గర ఆగి, జట్టును కొడుక్కు అప్పగించాడు. ఇండియానా మీద కోపంతో ఇరవై ఏళ్ళు ఆ మందిరంలో అడుగుపెట్టలేదు. 2020 ఫిబ్రవరి 8న వచ్చాడు, అదీ మళ్ళీ పర్డ్యూతో మ్యాచ్ రోజునే. పక్కన కొడుకు, ఐజయా థామస్, క్విన్ బక్నర్, ఇంకా ఎందరో పాత ఆటగాళ్ళు. నడక తడబడుతున్న ముసలివాణ్ణి చూసి మందిరమంతా లేచి నిలబడి పేరు పెట్టి అరిచింది. ఆ మనుషులందరూ, ఆయన తిట్లు తిన్నవాళ్ళే, కన్నీళ్ళు పెట్టుకున్నారు. 2023 నవంబరు 1న పోయింది కూడా బ్లూమింగ్టన్‌లోనే. తిట్లు తిన్నవాళ్ళే క్షమించాక మనకెందుకమ్మా?

శిష్యురాలు: ఆ రోజు వచ్చినవాళ్ళు క్షమించారు, మాస్టారూ. నీల్ రీడ్ రాలేదు. 2012లోనే గుండెపోటుతో పోయాడు, 36 ఏళ్ళకు.

మాస్టారు: ... అది నాకు తెలియదు. ఏం చేసేవాడు?

శిష్యురాలు: కాలిఫోర్నియాలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసేవాడు. వ్యాయామోపాధ్యాయుడు, పిల్లలకు కోచ్. మీ ఉద్యోగమే.